ఛాయ

"పిల్ల బాగుంది గానీ చాయ తక్కువ." వల్లూరులోనైనా జమ్మలమడుగులోనైనా, సంబంధం మాట్లాడేచోట ఈ మాట ఇప్పటికీ వినబడుతుంది.

సంస్కృతంలో ఛాయ అంటే మొదట నీడ. సూర్యుడి వేడికి తాళలేక సంజ్ఞ తన బదులు నిలిపి వెళ్లిన స్త్రీ ఛాయాదేవి. కాంతి, అందం, ఒంటిరంగు అన్న అర్థాలు కూడా ఆ మాటకున్నాయి. తెలుగులో 'ఆ ఛాయలకే పోలేదు' అంటే ఆ దరిదాపులకు పోలేదని. పొట్టు తీసిన తెల్లటి మినప్పప్పు చాయపప్పు. వాడుకలో ఒత్తుతో పాటు నీడ కూడా పోయి, మాట తెలుపు వైపు ఒరిగిందనిపిస్తుంది. నీడ అన్న అర్థమే పట్టుకుంటే నల్లటి పిల్లకే ఛాయ ఎక్కువ!

ఫోటోను ఛాయాచిత్రం అన్నాం. స్టూడియోల్లో మాత్రం ఛాయను చెరిపేశాం. ఫిల్ము రోజుల్లో నెగెటివ్‌లో ముఖం పడిన చోట సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లు. అక్కడ నల్లబడింది ప్రింటులో తెల్లబడుతుంది. కొడాక్ ల్యాబులకు రంగు సరిచూసుకోమని పంపిన షర్లీ కార్డు మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి మహిళే.

అమెరికాలో కొందరు నల్లజాతి ఫోటోగ్రాఫర్లు తమవాళ్లను అలా చెరపలేదు. గోర్డన్ పార్క్స్ 1942లో, వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయం ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను అమెరికా జెండా ముందు, చీపురుకూ తుడుపుకర్రకూ నడుమ నిలబెట్టాడు. నాకు మరీ ఇష్టం రాయ్ డికరావా. న్యూయార్క్‌లోని హార్లెం పేటలో పుట్టినవాడు, 1955లో కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌తో కలిసి ఆ పేట బతుకు మీద పుస్తకం వేశాడు. ఇంట్లో బల్బు ఎంత వెలుగిస్తే అంతలోనే తీసేవాడు. ఆ ప్రింట్లలో చెంప నలుపు వేరు, కోటు నలుపు వేరు, వెనక గోడ నలుపు వేరు. తెల్లబరిస్తే ముందు పోయేది ఈ తేడాలే.

నలుపులో తేడాలు చూడటం మా సీమకు తెలియని విద్యా? ప్రొద్దుటూరు వైపు రైతు నల్లరేగడి రంగు చూసి పదును చెబుతాడు. తడిసిన కడప బండ నలుపు వేరు, ఆరిన బండ నలుపు వేరు. నేల నల్లగా ఉంటే మురుస్తాం. పిల్ల నల్లగా ఉంటే కట్నం ఎక్కువడుగుతాం.

ఇప్పుడు ఆ పెన్సిల్ పని ఫోన్లలోని బ్యూటీ మోడ్ చేస్తోంది. పెళ్లి ఆల్బం మాట్లాడుకునేటప్పుడే ఫోటోగ్రాఫర్‌కు చెప్పాలి: "అన్నా, పిల్ల రంగు మార్చొద్దు. ఉన్నదున్నట్టు రానీ."