పత్తిచేలకు కదిలిన వైద్యం: ఆల్ఫా కప్పా ఆల్ఫా సంఘం మిసిసిపీ సేవ

ఆల్ఫా కప్పా ఆల్ఫా అనగానే నేటి పాఠకులకు కమలా హారిస్ గుర్తుకొస్తారు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆమె చేరిన సొరోరిటీ, అంటే విద్యార్థినుల సోదరీ సంఘం అది. ఆమెకు అర్ధశతాబ్దం ముందే ఆ సంఘం మిసిసిపీ పత్తిచేలలో చేసిన వైద్యసేవ చరిత్రకెక్కింది. ఆ సేవకు ఇవ్వాల్సిన స్థానాన్ని పరిశీలకులు తక్కువ చేస్తూ వచ్చారనే ఈ వ్యాసం రాస్తున్నాను.

వాషింగ్టన్‌లోని హోవర్డ్‌లో 1908 జనవరి 15న ఎథెల్ హెడ్జ్‌మన్ చొరవతో ఈ సంఘం పుట్టింది. నల్లజాతి విద్యార్థినులు స్థాపించుకున్న తొలి సొరోరిటీ ఇదే. బానిసత్వం రద్దయి అప్పటికి నలభై రెండేళ్లే. 1912లో పేరు, చిహ్నాలు మార్చాలన్న వాదం చీలికకు దారితీసింది. విడిపోయిన 22 మంది 1913 జనవరిలో డెల్టా సిగ్మా థీటాను స్థాపించారు. అదే నెల 29న నెల్లీ క్వాండర్ నాయకత్వంలో పాత సంఘం చట్టబద్ధంగా నమోదైంది. ఇక్కడ సభ్యత్వం చదువుతో ముగిసేది కాదు, జీవితకాలం ఉంటుంది. అందుకే తర్వాతి కాలంలో సంఘం పిలవగానే టీచర్లు, నర్సులు, డాక్టర్లు సొంత సభ్యుల్లోనే దొరికారు.

మిసిసిపీ ఆలోచన ఐడా జాక్సన్‌ది. ఆ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో టీచరుగా స్థిరపడిన ఆమె, జాతీయ అధ్యక్షురాలిగా 1934 వేసవిలో హోమ్స్ కౌంటీ లెక్సింగ్టన్‌లో గ్రామీణ ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటు చేశారు. పిల్లలు రోగాలతో తీసుకుంటుంటే పాఠాలు చెప్పి లాభం లేదని అక్కడే తేలింది. మరుసటి ఏడాది డాక్టర్ డొరొతీ ఫెరెబీ ఆధ్వర్యంలో ఆరోగ్య శిబిరం మొదలైంది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 1924లో వైద్యపట్టా పొందినా తెల్లవారి ఆసుపత్రులేవీ చేర్చుకోక, వాషింగ్టన్ ఫ్రీడ్‌మెన్స్ ఆసుపత్రిలో పని నేర్చుకున్న డాక్టర్ ఆమె. నల్లజాతి మహిళల బృందానికి రైలు టికెట్లు ఇవ్వకపోవడంతో అందరూ సొంత కార్లలో బయలుదేరారు.

ఆ కార్లే చివరికి పనికొచ్చాయి. పంటలో వాటాకు దున్నే రైతులను చేను విడిచి శిబిరానికి వెళ్లనివ్వడానికి భూస్వాములు ఒప్పుకోలేదు. బయటివాళ్లు కూలీలను రెచ్చగొడతారని వారి భయం. రోగి రాలేకపోతే డాక్టరే వెళ్లాలని ఫెరెబీ నిర్ణయించారు. మందులు, సూదులు, పరికరాలు కార్లకెక్కించి చేలకే తీసుకెళ్లారు. భూస్వాముల తరఫున తుపాకులు పట్టిన గుర్రపురౌతులు కాపలా ఉండగానే పిల్లలకు డిఫ్తీరియా, మశూచి టీకాలు వేశారు, మలేరియాకు మందిచ్చారు, పళ్లు బాగుచేశారు, తిండి గురించి తల్లులకు చెప్పారు. ఈ చివరి పనే అన్నిటికన్నా కష్టమని నాకనిపిస్తుంది. ఉప్పుపంది మాంసం, మొక్కజొన్న పిండి, బెల్లంపాకంతో రోజులు గడిపేవారికి కూరగాయలు తినమని చెప్పాలి. ఆ ఇళ్లలో చాలావాటికి గుమ్మందాకా పత్తే, కూరగాయలు పెంచే చోటే లేదు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు, టైర్లకు కోటా పెట్టేదాకా ఏటా వేసవిలో కొన్ని వారాలపాటు ఈ పని సాగింది. మొత్తంమీద సుమారు 15,000 మందికి వైద్యం అందింది. దీన్ని దాతృత్వంగా మాత్రమే లెక్కగట్టడం పొరపాటు. భూస్వామి దయ ఉంటేనే సూది వేయగలిగిన చోట రోగానికి మూలం భూమిలోనూ కూలిలోనూ ఉందని గుర్తించక తప్పదు. సంఘ స్థాపకుల్లో ఒకరైన నార్మా బాయిడ్ 1938లో వాషింగ్టన్‌లో పౌరహక్కుల చట్టాల కోసం శాసనకర్తలపై ఒత్తిడి తెచ్చే విభాగాన్ని సంఘం తరఫునే నెలకొల్పారు. ఈ రెండు పనులను ఒకే ప్రయత్నంగా చదవాలి.

హోమ్స్ కౌంటీలో మొదలైన శిబిరం తర్వాతి వేసవుల్లో బొలివర్ కౌంటీలోని మౌండ్ బేయూకు మారింది. అది నల్లవారే 1887లో కట్టుకున్న ఊరు. 1960లలో పేదల కోసం డెల్టా ఆరోగ్య కేంద్రం వెలసిందీ ఆ ఊళ్లోనే. దానికి అండగా నిలిచింది ఫెరెబీ చదివిన టఫ్ట్స్ విశ్వవిద్యాలయం.