నేపుల్స్‌లో మన దంతపు బొమ్మ

తొండియార్‌పేటలో పుట్టి, బ్యాంకు లెక్కల్లో తల నెరిసినవాణ్ణి. శిల్పం, చిత్రం గురించి చెప్పేటంత పండితుణ్ణి కాను. కిందటేడు సెలవు పెట్టి మా ఆవిడతో ఇటలీలోని నేపుల్స్ చూసి వచ్చాను. అక్కడి మ్యూజియంలో ఒక బొమ్మ ముందు నా కాళ్ళు ఆగిపోయాయి.

జానెడుకు కాస్త ఎక్కువ ఎత్తున్న దంతపు బొమ్మ. ఒంటినిండా నగలు, చెరో పక్కన ఒక చెలికత్తె. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి పట్టణాన్ని బూడిదలో ముంచినప్పుడు ఇదీ పూడిపోయింది. 1938లో తవ్వకాల్లో బయటపడింది. మొదట లక్ష్మి అన్నారు; ఇప్పుడు యక్షి అనేవారే ఎక్కువ. శాతవాహనులు ఏలిన దక్కనులో, భోకర్దన్‌లో, దీన్ని పోలిన దంతపు బొమ్మ దొరికింది.

అంత దూరం ఎలా వెళ్ళింది? వ్యాపారం. మిరియాలు, సన్నబట్టలు, ముత్యాలు రోముకు వెళ్ళేవి. బంగారం ఇటు వచ్చేది. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియా లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ పండితుడు వాపోయాడు. మా బ్యాంకు భాషలో అది విదేశీ వ్యాపారపు లోటు! ఆయన ప్రాణం తీసిందీ ఆ వెసూవియస్సే. పద్దెనిమిదో శతాబ్దంలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది.

ఆ సాయంత్రం పిజ్జా తిన్నాం. అందులోని టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చింది. జున్ను గేదెపాలది, గేదె పుట్టిల్లు ఆసియా. అయినా 2017లో యునెస్కో గుర్తించింది నేపుల్స్ వారి పిజ్జా విద్యనే.

"మన చారులో టమాటా, ఎండుమిరపకాయ కూడా వచ్చి చేరినవే కదండీ, మిరియం ఒక్కటే మనది" అంది మా ఆవిడ.

తిరిగి వచ్చాక మనవరాలిని ఎగ్మోరు మ్యూజియానికి తీసుకెళ్ళాను. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి మదరాసు చేర్చిన స్తూపం రాళ్ళు చూపించాను. వాటిలో చాలా భాగం 1859లో లండనుకు తరలిపోయాయి. మిగిలినవి ఈ ఊరివే అయిపోయాయి, మనలాగే.

పిల్లకు తెలుగు మాట వచ్చు, చదువు రాదు. దంతపు బొమ్మ బూడిదలో పడి ఉన్నా పంతొమ్మిది వందల ఏళ్ళు నిలిచింది. భాష అలా నిలవదు. చారులాగా రోజూ ఇంట్లో కాగుతుండాలి. అందుకే ఇప్పుడు ఆదివారాలు దానికి అక్షరాలు దిద్దిస్తున్నాను.