లోహ నానో క్లస్టర్ల ఆకృతి – ఆధారతలం పాత్ర: ఒక చారిత్రక పరిశీలన

లోహ స్ఫటికాల నిర్మాణం గురించి చదివేటప్పుడు, ఆ స్ఫటికం దేని మీద ఉంది అని మనం సాధారణంగా అడగం. అడగనవసరం లేదు కూడా. బంగారు గాజును చెక్కబల్ల మీద పెట్టినా, రాతిబండ మీద పెట్టినా దాని లోపలి పరమాణువుల అమరిక మారదు. కాని ఇరవై పరమాణువులే ఉన్న బంగారు క్లస్టర్‌ను ఒక తలం మీద నిక్షేపించారనుకోండి. అందులో చాలా పరమాణువులు ఆ తలాన్ని తాకుతూనో, దానికి అతి దగ్గరగానో ఉంటాయి. అప్పుడు క్లస్టర్ ఆకృతిని నిర్ణయించేది లోహమా, ఆధారతలమా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన దారి అంత తిన్ననిది కాదు.

ఒంటరి స్ఫటికం సమతాస్థితిలో ఏ ఆకృతి పొందుతుందో 1901లో రష్యన్ స్ఫటిక శాస్త్రజ్ఞుడు వుల్ఫ్ వివరించారు. తలశక్తి తక్కువగా ఉన్న ముఖం కేంద్రానికి దగ్గరగా ఉంటుంది. ఇందులో ఆధారతలానికి చోటు లేదు. ఆ చోటును 1967లో వింటర్‌బాటమ్ కల్పించారు. లోహానికీ తలానికీ మధ్య అసంజనం ఎంత బలంగా ఉంటే, కణం అడుగుభాగం అంతగా కోసేసినట్లు పొట్టిదవుతుంది. తామరాకు మీద గుండ్రంగా నిలిచే నీటిబొట్టు శుభ్రమైన గాజు మీద పరుచుకోవడం మీకు తెలిసిందే. సూత్రం అదే. అయితే స్ఫటికానికి వంపులకు బదులు చదునైన ముఖాలుంటాయి.

దీనికి ఒక ఏడాది ముందు, 1966లో, జపాన్ శాస్త్రజ్ఞుడు షోజో ఇనో ఇందుకు ఎదురు సాక్ష్యం లాంటిది చూపించారు. శూన్యంలో ఉప్పు స్ఫటికం మీద బంగారాన్ని ఆవిరి రూపంలో నిక్షేపించి, ఏర్పడిన కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. కొన్ని కణాల్లో, 72 డిగ్రీల చొప్పున తిప్పిన ప్రతిసారీ అదే రూపం కనిపించే సౌష్ఠవం ఉంది. ఇది ఉప్పులో లేదు, పెద్ద బంగారు స్ఫటికంలోనూ సాధ్యం కాదు. కణం చిన్నదైనప్పుడు తలశక్తిలో కలిగే ఆదా, లోపలి వికృతి వల్ల కలిగే నష్టం కంటే ఎక్కువ. అందువల్ల అది ఆధారతలం మాట వినకుండా తన దారి తాను చూసుకోగలదు.

ఉత్ప్రేరక రసాయన శాస్త్రంలో చాలామంది ఆధారతలాన్ని ఒక పీటగానే చూశారు. ఖరీదైన లోహాన్ని పలుచగా పరచడానికి పనికొస్తే చాలు. 1978లో టాస్టర్, ఆయన సహచరులు టైటానియం డయాక్సైడ్ మీద ఉంచిన ప్లాటినం వంటి లోహాలను 500 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోజన్‌తో క్షయకరణం చేశారు. ఆ లోహాలు హైడ్రోజన్‌ను అధిశోషించుకునే గుణాన్ని దాదాపు పూర్తిగా కోల్పోయాయి. ఆక్సైడ్ పలుచని పొరగా లోహం మీదికి పాకిందని తరవాత తేలింది. పీటే లేచి, కూర్చున్నవాడిని కప్పేసిందన్నమాట! 1987లో హరూతా బృందం, ఆక్సైడ్ల మీద అతి చిన్న కణాలుగా ఉంచిన బంగారం మైనస్ 70 డిగ్రీల వద్ద కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరణం చేయిస్తుందని ప్రకటించింది. జడలోహమనుకున్న బంగారం గురించి ఇది పెద్ద వార్తే. 1998లో గుడ్‌మన్ బృందం, టైటానియం డయాక్సైడ్ మీద రెండు పరమాణు పొరల మందం ఉన్న బంగారు దీవులకు ఈ చర్యలో ప్రత్యేక స్థానం ఉందని చూపింది. అప్పటినుంచి ఆకృతి ఒక ఆచరణాత్మక సమస్య అయింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది 2006–07 నాటి ఘట్టం. ఇరవై పరమాణువుల స్వేచ్ఛా బంగారు క్లస్టర్‌కు చతుర్ముఖి ఆకృతి ఉంటుందని 2003లో నిర్ధారించారు. దాన్ని మాలిబ్డినం మీద పరచిన అతి పలుచని మెగ్నీషియం ఆక్సైడ్ పొరపై ఉంచితే, చదునైన పలకలా మారుతుందని 2006లో పాకియోని, లాండ్‌మన్ తదితరులు లెక్కకట్టి చెప్పారు. పలుచని పొర గుండా అడుగులోహం నుంచి ఎలక్ట్రాన్లు బంగారానికి చేరతాయి. రుణావేశం పొందిన క్లస్టర్‌ను అడుగులోహం ఆకర్షిస్తుంది. పరుచుకుంటే ఆ ఆకర్షణ లాభం ఎక్కువ. పొర మందమైతే ఈ ప్రభావం సన్నగిల్లి, త్రిమితీయ రూపమే నిలుస్తుంది. మరుసటి ఏడాది బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హాబర్ సంస్థలో స్టెరర్, ఫ్రాయిండ్ తదితరులు వెండి మీద మెగ్నీషియం ఆక్సైడ్‌ను పెంచి దీన్ని పరీక్షించారు. మూడు పరమాణు పొరల ఆక్సైడ్ మీద బంగారం చదునుగా పరుచుకుంది, ఎనిమిది పొరల ఆక్సైడ్ మీద గుట్టలుగా పెరిగింది. రెండుచోట్లా బంగారం తాకుతున్నది అదే ఆక్సైడ్‌ను. తేడా కేవలం మందంలో ఉంది. జోస్యం ముందు, పరిశీలన తరవాత వచ్చాయి. మీరు సమాధానాలు రాసేటప్పుడు ఈ క్రమాన్ని తారుమారు చేయకండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2003 నాటి చతుర్ముఖిని ఎవరూ కళ్లారా చూడలేదు. క్లస్టర్ నుంచి కాంతితో వెలువరించిన ఎలక్ట్రాన్ల శక్తులను కొలిచి, వాటిని సైద్ధాంతిక లెక్కలతో పోల్చి ఆ నిర్ధారణకు వచ్చారు. సూక్ష్మదర్శినిలో పరమాణువులను నేరుగా చూడాలంటే క్లస్టర్‌ను ఏదో ఒక తలం మీద నిలపాలి. నిలిపితే, అది ఆ తలం మీది క్లస్టర్ అవుతుంది.