గుర్రాల పాక్షిక సంరక్షణ (కోల్‌కతా)

గుర్రాన్ని అద్దె శాలలో కట్టి, మేత వేయడం, మాలిషు, శాల శుభ్రం వంటి పనుల్లో కొన్నిటిని శాలవారికి అప్పగించి, మిగిలినవి యజమానే చూసుకునే ఏర్పాటు ఇది. కోల్‌కతాలో అశ్వపోషణ పాతదే: రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్ 1847లో, పోలో క్లబ్ 1862లో ఏర్పడ్డాయి. పందెపు గుర్రానికి శిక్షకుడి శాలలో పూర్తి సంరక్షణ దక్కుతుంది. విక్టోరియా మెమోరియల్ దగ్గర బగ్గీ లాగే గుర్రం పోషణ మాత్రం సవారీల రాబడి మీద ఆధారపడుతుంది. పాక్షిక ఏర్పాటు చవకని పేరు. నిజానికి తగ్గేది శాలకు కట్టే అద్దే గాని, గుర్రం అవసరాలు కావు. 400 కిలోల గుర్రానికి రోజూ సుమారు 8 కిలోల ఎండుమేత, 20 నుంచి 40 లీటర్ల నీరు కావాలి. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. శాలవారు వదిలేసిన పనికి యజమాని డబ్బయినా, సమయమైనా వెచ్చించాలి. రెండూ లేకపోతే ఆ లోటు గుర్రం డొక్కల్లో కనబడుతుంది.

పూర్తి సంరక్షణే కావాలంటే చిన్న యజమానులు గుర్రాన్ని పోషించలేరన్న వాదనలో నిజముంది. అయితే లోపం పనిని పంచుకోవడంలో లేదు, ఎవరి వంతు ఏదో తేల్చుకోకపోవడంలో ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువు ఎవరి అధీనంలో ఉంటే వారిపైనే దాని క్షేమం చూసే బాధ్యత పెట్టింది. కాబట్టి వైద్యం, సెలవురోజు మేత ఎవరివో ముందే రాసుకున్న ఒప్పందమే గుర్రానికి రక్ష.