ఓడ రిజిస్టరు నుంచి ఊరి లెక్కల దాకా: పూర్వీకుల జాడకు ఆర్కైవ్స్

మారిషస్‌లోని భారత సంతతి వారికి ఏడో తరం వరకు ఓసీఐ కార్డు అర్హత కల్పిస్తున్నట్లు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము 2024 మార్చిలో ప్రకటించారు. దాంతో పూర్వీకుల స్వగ్రామం ఏదన్నది అక్కడి తెలుగు కుటుంబాలకు కేవలం జ్ఞాపకాల విషయం కాకుండా, పత్రాలతో నిరూపించవలసిన అంశంగానూ మారింది.

అన్వేషణ మారిషస్‌లోనే మొదలుకావాలి. 1834 నుంచి 20వ శతాబ్ది ఆరంభం వరకు సుమారు 4.5 లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవికి చేరారు. నాటి వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ప్రతి కూలీకి ఒక సంఖ్య కేటాయించి, దాని ఎదుట పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఓడ వంటి వివరాలు నమోదు చేసేవారు. పేరు కంటే ఈ సంఖ్యే నమ్మదగినది. తెలుగు రాని గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాసుకున్న పేరు ఒక్కో పత్రంలో ఒక్కో రూపంలో కనిపిస్తుంది. తర్వాతి తరాలకు అదే ఇంటిపేరుగా స్థిరపడిన సందర్భాలూ అనేకం.

ఊరి వివరాలను చదివేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ‘మద్రాసు’ అని ఉంటే అది ఓడ ఎక్కిన రేవు మాత్రమే కావచ్చు. ‘గంజాం’ అని ఉన్నంత మాత్రాన నేటి ఒడిశాలో వెతకనక్కరలేదు. 1936 వరకు ఇచ్ఛాపురం, టెక్కలి ప్రాంతాలు ఆ జిల్లాలోనివే. నేటి శ్రీకాకుళం జిల్లా 1950లో గాని ఏర్పడలేదు.

గ్రామం తేలాక చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ వంతు. పూర్వపు మద్రాసు రికార్డు ఆఫీసు ఇదే. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ పత్రాలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. రైతువారీ గ్రామాల సెటిల్మెంటు రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు లభిస్తాయి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు ఇంకా విలువైనవి. ఇనాందారు వంశక్రమం సైతం కొన్నింటిలో ఉంటుంది. గ్రామసేవకు మాన్యం పొందిన వృత్తిదారుల కుటుంబాలూ వాటిలో కనిపిస్తాయి. విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీలలో మాత్రం రైతుల లెక్కలు ప్రభుత్వం వద్ద కాక జమీ కచేరీలలోనే సాగేవి.

ఓడ ఎక్కినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. పట్టాలోనూ ఇనాంలోనూ వారి ఊసు ఉండదు. అటువంటివారి పేరు, ఒంటిమీది పుట్టుమచ్చతో సహా, దొరికే చోటు తరచుగా ఆ వలస రిజిస్టరు ఒక్కటే. అందువల్ల ఏ ఆర్కైవ్స్‌కు దరఖాస్తు చేసినా వలస సంఖ్య, ఓడ పేరు, చేరిన సంవత్సరం ముందుగా పేర్కొనడం మేలు.