రాయి కింది చుట్టరికాలు

చెప్పులు గట్టు మీదే విడవండి. నాచు పట్టిన రాయి మీద చెప్పు నిలవదు, ఒట్టి కాలే నయం. నీళ్లు మోకాలి కిందికే గానీ, డిసెంబరు చలికి మొదటి అడుగులోనే పిక్కలు పట్టేస్తాయి. వెనక్కి రాకండి. కాసేపటికి కాళ్లకే అలవాటవుతుంది.

పొద్దున నర్సీపట్నంలో ఎక్కిన బస్సు చింతపల్లి, జీకే వీధి, ధారకొండ మలుపులన్నీ తిప్పి మిమ్మల్ని సీలేరులో దింపింది. ఇప్పుడు చీకటి పడింది. కొండ మీంచి సీలేరు నదిలోకి దిగివస్తున్న ఓ చిన్న గెడ్డలో నిలబడ్డారు. ముందు నడుస్తున్న పెద్దాయన చేతిలో టార్చి, భుజాన దోమతెర గుడ్డతో కుట్టిన చేతివల. ఆయన వచ్చింది పీతల కోసం. మీకు కావలసిన చేప ఆయన లెక్కలో చేపే కాదు.

"ఆటితో ఏటి సేత్తారు బాబూ? పులుసులో ఏస్తే కనపడవు."

పెద్ద బండల జోలికి పోకండి. రెండు చేతులకు పట్టేంత రాయి చూసుకోండి. దాని కింద మెత్తటి ఇసుక కాదు, గులకరాళ్లుండాలి. వాటి సందుల్లోంచి నీళ్లు పారుతుండాలి. వల దిగువన ఆనించి పట్టుకుని, రాయిని ఎగువ అంచు నుంచి మెల్లగా లేపండి. మొదటి రాయి కింద పురుగులే. మూడు తోకల పిల్లపురుగులు రాతిని కరుచుకుని పక్కపక్కకి పాకుతున్నాయి. ఇసుక రేణువులు అంటించుకుని గొట్టం కట్టుకున్న మరో పురుగు తల లోపలికి లాక్కుంది. మనం వెతికే చేపకు రాత్రి భోజనం ఇదే.

రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి. పెద్దాయన చూస్తున్నాడు, తిరగేసి వదిలితే ఊరుకోడు.

నాలుగో రాయో ఐదోదో. వలలో ఎండుటాకు ముక్కలాంటిదేదో మెలిక తిరిగింది. వేలితో నొక్కకండి, రొమ్ము రెక్కల ముందున్న ముల్లు గుచ్చుకుంటుంది. అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని అందులోకి జార్చుకోండి. బొటనవేలంత ఉంది. మట్టిరంగు ఒళ్లు, పొలుసు లేదు. ముట్టుకుంటే చర్మం గరుగ్గా తగులుతుంది. నాలుగు జతల మీసాలు. కళ్లు తల పైభాగాన, ఆవగింజంతే. పొట్ట మాత్రం పలకలా చదును.

ఇప్పుడు గాజు సీసాలోకి మార్చి, కింది నుంచి టార్చి వేయండి. రొమ్ము మీద చీర కుచ్చిళ్లలా సన్నని మడతలు, పొడుగునా వరసగా. భూతద్దం పెట్టినా వాటి అసలు పనితనం కనబడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే, ఆ మడతల మీద కెరటిన్‌తో, అంటే మన గోళ్లకు వాడిన సరుకుతోనే, చేసిన సూక్ష్మమైన కొక్కేలు బయటపడతాయి. వరదలో చేప రాతిని పట్టుకునేది వాటితోనే. ఈ మడతలున్న ప్రజాతికి బ్లైత్ 1860లో పెట్టిన పేరు గ్లిప్టోథొరాక్స్, చెక్కుడు రొమ్ముది అని. ఆసియా కొండవాగుల్లో ఈ ప్రజాతిలో ఇప్పటికి వందకు పైగా జాతులు తేలాయి. మీ సీసాలోది అందులో ఏదో ఈ చీకట్లో తేల్చలేం. రెక్కల్లోని పుల్లలు లెక్కపెట్టాలి, మడతల గుంపు ఆకారం గీయాలి, వెన్నెముక చూడాలి.

మీసాల చేపల్లో వాలుగ, మార్పు, ఇంగిలాయి, జెల్లలు అందరికీ తెలిసినవే. అదే వంశంలోని ఈ పొట్టి చుట్టాల్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పట్టించుకున్నవాడు సుందర్ లాల్ హోరా. పంజాబులో 1896లో పుట్టి, కలకత్తా ఇండియన్ మ్యూజియంలో కూర్చుని, కొండవాగు చేపల ఒళ్లు ప్రవాహానికి ఎలా ఒదిగిందో 1922లోనే రాశాడు. 1933లో ఆంబ్లిసెప్స్ అనే మరో రాళ్ల సందుల చేప గురించి రాశాడు. అది పాములా సన్నం, చర్మం మందం, వీపు రెక్క చర్మంలోనే సగం పూడిపోయి ఉంటుంది. సందుల్లో దూరేదానికి పొడుచుకొచ్చేది ఏదైనా అడ్డమే. 1938లో బైలదిల్లా కొండల చేపల మీద ఓ వ్యాసం వేశాడు. ఆ కొండలు ఇక్కడికి మరీ దూరమేం కాదు, శబరికి ఆవల. సీలేరు వెళ్లి కలిసేదీ శబరిలోనే.

హోరాను వేధించిన ప్రశ్న ఒకటే. హిమాలయాల దగ్గరి ఈ చేపల చుట్టాలు పశ్చిమ కనుమల్లో ఎలా ఉన్నాయి? మధ్యలో ఎండ కాసే మైదానం. సాత్పురా కొండలు ఒకప్పుడు తడిగా ఉండి వంతెనలా పనికొచ్చాయన్నాడాయన. తూర్పు కనుమల దారిని ఊహించినవాళ్లూ ఉన్నారు, అంటే మీరిప్పుడు నిలబడ్డ ఈ వరసే. 2016లో కర్ణాటకలోని తుంగ నదిలో ఆంబ్లిసెప్స్ కొత్త జాతి ఒకటి బయటపడింది, ఆంబ్లిసెప్స్ అక్కారి. అలాంటప్పుడు మధ్యనున్న ఈ గెడ్డలను సరిగా వెతక్కుండా దారి ఇదనో అదనో తేల్చేయడం తొందరపాటే అంటాను.

పోలికలు చూసి చుట్టరికం కట్టడంలోనే అసలు చిక్కుంది. సందుల్లో బతకాలంటే ఎవరైనా అలాగే అవుతారు. కళ్లు చిన్నవవుతాయి, ఒళ్లు చదునవుతుంది, తేలడానికి పనికొచ్చే గాలితిత్తి కుదించుకుపోతుంది. మీ సీసాలో చేపకైతే అది వెన్నుకు రెండు వైపులా చిన్న ఎముక గూళ్లలో ఇరుక్కుపోయింది. బ్రెజిల్ శాస్త్రవేత్త డి పిన్నా 1996లో ఎముకల ఆధారంగా ఈ రాళ్ల చేపల ఆసియా కుటుంబాలను మళ్లీ అమర్చాడు. ఎరెథిస్టిడే అనే కుటుంబాన్ని విడదీశాడు. దక్షిణ అమెరికాలోని ఆస్ప్రెడినిడే చేపలను కూడా వీటి పక్కనే కూర్చోబెట్టాడు. పదేళ్లకు, 2006లో, సల్లివాన్, లుండ్‌బర్గ్, హార్డ్‌మన్ రెండు జన్యువుల వరుసలు చదివి, ఆ అమెరికా చేపలకు వీటితో అంత దగ్గర బంధుత్వమేమీ లేదన్నారు. అంటే వేర్వేరు వంశాలు విడివిడిగానే ఒకే పోలికకు వచ్చి ఉంటాయి. దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. కేరళ బావుల్లో కళ్లే లేని గులాబీ రంగు చేపలున్నాయి, హోరా పేరు మీదే 1950లో పేరుపెట్టిన హొరాగ్లానిస్. మార్పు కుటుంబంలోవి. పైకి ఒకదానికొకటి తేడా కనబడని ఆ చేపల్లో జన్యువుల తేడా మాత్రం పెద్దదని 2023లో తేల్చి, అక్కడి ప్రజల సాయానికి గుర్తుగా ఒక కొత్త జాతికి పోపులి అని పేరుపెట్టారు.

చాలు, వదిలేయండి. సీసా వంచగానే చేప ఎగువకు తిరిగింది. ఒక్క తోక విసురుతో రాయి కిందికి పోయింది.

ఇక కిందికి దిగుదాం, గెడ్డ నదిలో కలిసేచోటికి. ఇక్కడా రాళ్లున్నాయి, రెండు మూడు ఎత్తి చూడండి. వేళ్ల నిండా మెత్తటి బురద. పురుగుల్లేవు, సందులే లేవు. ఎగువన గుంటవాడ డ్యాం, దిగువన డొంకరాయి, ఎగువ సీలేరు కరెంటు 240 మెగావాట్లు, దిగువ సీలేరుది 460. కరెంటు అవసరాన్ని బట్టి నది పెరుగుతుంది, తగ్గుతుంది. నీళ్లు నిలిచినచోట ఒండ్రు దిగి గులకరాళ్ల మధ్య ఖాళీలు పూడుస్తుంది. పెద్ద చేపకు అది పెద్ద నష్టం కాకపోవచ్చు, రిజర్వాయరులో వాలుగ బలుస్తుంది కూడా. కానీ పైన మనం వదిలిన బొటనవేలి చేపకు పక్క గెడ్డకు పోయే దారి ఈ నది అడుగే. ఆ దారి మూసుకుపోతే ఈ గెడ్డ చేపలు ఈ గెడ్డవే, ఆ గెడ్డవి ఆ గెడ్డవే. గ్లిప్టోథొరాక్స్‌లో ఇన్ని జాతులు పుట్టడానికి ఇలా వాగులు విడిపోవడమూ ఒక కారణం. అయితే దానికి లక్షల ఏళ్లు దొరికాయి, ఎగువ సీలేరుకు ఇంకా అరవై ఏళ్లయినా పూర్తిగా నిండలేదు.

పెద్దాయన బుట్టలో ఆరు పీతలు పడ్డాయి. ధారకొండ వైపు ఇంకో గెడ్డ ఉందట, అక్కడి చిన్న చేపకు వీపు మీద మచ్చలుంటాయట. రేపు పొద్దున్నే రమ్మంటున్నాడు.