కుక్కకు కానుక

గ్రామఫోను రికార్డుల మీద, బాకా ఎదుట తల ఒకింత ప్రక్కకు వంచి కూర్చున్న కుక్కబొమ్మను చూడనివారు మన శ్రోతలలో అరుదు. ఆ కుక్క పేరు నిప్పర్. అది 1884లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున పుట్టి 1895లో చనిపోయినది. అది పోయిన తరువాత ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుడు దానిని తలచుకొని చిత్రించిన పటమును 1899లో గ్రామఫోను కంపెనీ హక్కులతో సహా నూరు పౌనులకు కొనెను. ఆ బొమ్మను చూచినపుడు మనము యంత్రమును గూర్చియే ఆలోచింతుము గాని కుక్కను గూర్చి ఆలోచింపము. నాలుగు గోడల నడుమ నున్న ప్రాణికి ఒక వింత దొరికినది. ఆ వింత ఏమో తేల్చుకొనుటలో అది మునిగియున్నది. ఇంటిలో పెరుగు కుక్కకు కావలసినదేమి అను ప్రశ్నకు ఆ బొమ్మలో సగము జవాబున్నది. తక్కిన సగమునకై చరిత్రను తిరుగవేయవలెను.

కుక్కను కానుకగా నిచ్చుట మన దేశమున మిక్కిలి పాత ఆచారము. వాల్మీకి రామాయణమున, అయోధ్యాకాండలో, భరతుడు మేనమామ ఇంటినుండి బయలుదేరునపుడు కేకయరాజు అతనికి ఏనుగులు, చిత్రకంబళ్లు, ధనము మొదలగువానితో పాటు కుక్కలను గూడ నిచ్చెను. పెద్ద దేహములు, ఆయుధములవంటి కోరలు, పులులకు దీటైన బలము గల ఆ కుక్కలు అంతఃపురముననే పెరిగినవట. ఈ తుదిమాట గమనింపదగినది. కుక్కను ఇంటిలోపల పెంచుట దొరలను చూచి మనము నేర్చిన విద్య యని కొందరనుకొందురు. ఆ శ్లోకముండగా ఆ మాట నిలువదు.

క్రీస్తుపూర్వము 326లో అలెగ్జాండరు పంజాబు ప్రాంతమున నుండగా, గ్రీకులు సోపైథీస్ అని పేర్కొన్న రాజు అతనికి 150 కుక్కలను సమర్పించెనని డయొడోరస్ అను చరిత్రకారుడు వ్రాసెను. వాని పౌరుషము చూపుటకై కొన్నిటిని సింహము మీదికి వదలిరి. సింహమును కరచి పట్టిన ఒక కుక్క కాలిని కత్తితో కోయుచున్నను అది పట్టు విడువలేదు. అలెగ్జాండరు కడకు వారింపబోగా, ఆ ఒక్కదానికి బదులు మూడింటి నిచ్చెదనని రాజు చెప్పెనట. ఇచ్చినవాని గౌరవము, పుచ్చుకొన్నవాని గౌరవము రెండును నిలిచినవి. కుక్క సంగతి అడిగినవారు లేరు.

కుక్కకే కానుక లిచ్చిన రాజులును లేకపోలేదు. ఈజిప్టులో గీజా పిరమిడ్ల చెంత 1935లో రైస్నర్ పండితునకు ఒక శాసనశిల దొరికినది. రాజును కాచిన అబుతియు అను కుక్క చనిపోగా, రాజు దానికి భాండాగారమునుండి శవపేటికను, సన్నని నారబట్టలను, ధూపద్రవ్యమును, పరిమళతైలమును ఇప్పించి సమాధి కట్టించెనని అందున్నది. ఇది నాలుగువేల సంవత్సరములకు పైబడిన మాట. ఆ దేశముననే రాజుల లోయలో, 1899లో త్రవ్విన మైహర్‌ప్రి అను రాజపురుషుని సమాధియందు రెండు తోలు కంఠపట్టికలు బయల్పడినవి. ఒకదాని మీద కుక్క పేరు చెక్కియున్నది. కంఠపట్టిక ఎంత అందమైనదైనను అది చెప్పునది, ఈ కుక్క ఫలానావారిది అనియే గదా!

జహంగీరు చక్రవర్తి చేసిన మర్యాద వీని నన్నిటిని మించినది. ఆంగ్లరాయబారి సర్ థామస్ రో కొలువులో మతగురువుగా నుండిన ఎడ్వర్డ్ టెర్రీ, 1655లో అచ్చయిన తన గ్రంథమున ఆ ముచ్చట చెప్పినాడు. ఇంగ్లండునుండి ఓడలో బయలుదేరిన మాస్టిఫ్ జాతి కుక్కలలో రెండు మాత్రమే చక్రవర్తిని చేరినవి. ఆయన ఒక్కొక్కదానికి నలుగురు సేవకుల నేర్పరచెను. ఇద్దరు పల్లకిలో మోయుదురు; ఇద్దరు ప్రక్కల నడచుచు ఈగలు వాలకుండ విసరుదురు. తన చేతితో మేత అందించుటకై చక్రవర్తి వెండి పటకారు గూడ చేయించెను. కాళ్లున్న జంతువును పల్లకి ఎక్కించి, దూకవలసినదానికి విసనకఱ్ఱ పట్టుట! కుక్కను సింహాసన మెక్కించినను దాని స్వభావము మారునా యని మన సుమతీ శతకకారుడు ఎత్తిపొడిచినది మనుష్యులను ఉద్దేశించి. కుక్కల పట్ల మాత్రము అది నింద గాదు, సరియైన పరిశీలనము. పల్లకిలో నున్నను దాని ముక్కు నేలనే వెదకును.

ఇక ఇంటిలో కుక్కకు పని కల్పించిన కథ వేరు. అది పల్లకి కథకు తలక్రిందులు. ఇంగ్లండు, వేల్సు దేశముల పెద్ద వంటశాలలలో ఇనుప ఊచకు గ్రుచ్చిన మాంసమును నిప్పుల ఎదుట ఎడతెగక త్రిప్పవలసి యుండెను. అందుకై గోడకు ఎత్తున ఒక కొయ్యచక్రమును బిగించి, అందులో పొట్టికాళ్ల కుక్కను పరుగెత్తించిరి. చక్రము తిరిగిన కొలది త్రాడు ద్వారా ఊచ తిరుగును. జాన్ కైయస్ అను వైద్యుడు ఆంగ్ల శునకములను గూర్చి లాటినున వ్రాయగా 1576లో ఆంగ్లమున వెలువడిన పుస్తకమునందే ఈ కుక్కల ప్రసక్తి యున్నది. పెద్ద మాంసఖండము వేగుటకు గంటలు పట్టును. ప్రక్కన నిప్పుల సెగ. ముక్కుకు నిండుగ మాంసపు వాసన. ఎంత పరుగెత్తినను ఒక్క అడుగైన ముందుకు సాగదు. రెండు కుక్కలను వంతులవారిగ వాడు ఇండ్లును ఉండెను. మరయంత్రములు చౌకయైన పిదప, పందొమ్మిదవ శతాబ్దమున, చక్రములతో పాటు ఆ జాతియే అంతరించినది. వేల్సునందలి అబర్‌గవెనీ మ్యూజియమున అట్టి కుక్క నొకదానిని గడ్డి కూరి అద్దాల పెట్టెలో భద్రపరచినారు. పల్లకిలోని కుక్కకు పని లేదు. చక్రములోని కుక్కకు పని తప్ప మఱేమియు లేదు. ఆ రెంటిలో దేనియందును కుక్క తానై ఎన్నుకొన్నది లేదు.

పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగమున నగరముల మధ్యతరగతి ఇండ్లలోనికి కుక్క ప్రవేశించినది. దానితో పాటు అంగడియు ప్రవేశించినది. లండనులో జేమ్స్ స్ప్రాట్ కుక్కలకై ప్రత్యేకముగ బిస్కట్లు చేయించి అమ్మెను. ఆయన కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరిట మొదటి శునక ప్రదర్శనమును జరిపెను. పట్టు దిండ్లు, కోట్లు, పేరు చెక్కిన గిన్నెలు: వీనిలో పెక్కు కుక్క యజమానికే గాని కుక్కకు కానుకలు గావు.

ఇరువదవ శతాబ్దమున ఒక కానుక లోకమున మిక్కిలి పేరొందినది. 1960 ఆగస్టులో రష్యావారు అంతరిక్షమునకు పంపగా క్షేమముగ తిరిగివచ్చిన స్ట్రెల్కా అను కుక్కకు పిల్లలు పుట్టినవి. 1961లో వియన్నా విందున జాక్వెలీన్ కెన్నెడీ ఆ పిల్లలను గూర్చి మాటవరుసకు అడుగగా, కొలది కాలమునకే క్రుశ్చేవ్ పంపిన పుషింకా అను ఆడపిల్ల వైట్‌హౌసునకు చేరెను. శత్రుపక్షపు కానుక గదా, దాని యందు రహస్యయంత్రము లేమైన దాగియున్నవేమో యని ముందు పరీక్షించి చూచిరి. అచటి శునకపాలకుడు బ్రయంట్ మాత్రము రాజకీయము నటుంచి దానికొక ఆట నేర్పెను. పిల్లల ఆటస్థలమున నిచ్చెన ఎక్కి జారుడుబల్ల మీదుగ దిగుటయే ఆ ఆట. 1963లో పుషింకాకు నాలుగు పిల్లలు పుట్టగా తమకిమ్మని వేలకొలది బాలబాలికలు ఉత్తరములు వ్రాసిరి. వారిలో ఇద్దరికి రెండు పిల్లలు దక్కినవి. ఈ కథలో నాకు నచ్చినది క్రుశ్చేవ్ ఔదార్యము గాదు, ఆ నిచ్చెన.

బోనులోని జంతువునకు తిండి, నీరు చాలవు, వ్యాపకము కావలెనను ఆలోచన శాస్త్రజ్ఞులలో మెల్లగ పెరిగినది. రాబర్ట్ యెర్కిస్ వానరముల విషయమున 1925లోనే ఆ మాట వ్రాసెను. 1985లో అమెరికా చట్టమును సవరించి, పరిశోధనశాలల వానరములకు మానసిక సౌఖ్యము, కుక్కలకు వ్యాయామము కల్పింపవలెనని విధించిరి. వానరమునకు మనసు, కుక్కకు కాళ్లు! ఈ పంపకము నాకు విచిత్రముగ తోచును. ఈలోగ కొలరాడోలో జో మార్ఖం అను నతడు, రాళ్లు కొఱికి పండ్లు అరగదీసికొనుచున్న తన కుక్క, మోటారుబండి నుండి ఊడదీసిన రబ్బరు ముక్కను ఇష్టపడుట గమనించి, అట్టి ఆకారమున బోలు రబ్బరు బొమ్మను చేసి 1976 నాటికి వ్యాపారము ప్రారంభించెను. అందులో మేత కూరి యిచ్చిన, కుక్క దానిని దొర్లించి, నాకి, ఉపాయముతో తీసికొని తినును. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధన మఱింత స్పష్టముగ చెప్పినది: రెండు వారములు వాసన పట్టి వెదకు ఆట ఆడిన కుక్కలు, యజమాని వెంట నడక నేర్చిన కుక్కలకంటె, ఏమున్నదో తెలియని గిన్నె వైపు ఎక్కువ ఆశతో పోయినవి. కుక్క ముక్కు కట్టుబాటే అట్టిది. విడిచిన గాలి ప్రక్క చీలికల గుండ పోవుచుండగనే క్రొత్త వాసన ముందునుండి లోనికి వచ్చును.

తెలుగు మాటాడు రాజులు స్థిరపడిన తమిళదేశపు రాజపాళయమున పెంచిన వేటకుక్క జాతికి 2005లో తపాలాశాఖ బిళ్ల వేసి గౌరవించినది. పరుగునకై పుట్టిన అట్టి కుక్క మూడవ అంతస్తులో, రోహిణీకార్తె ఎండలో, పగలెల్ల తలుపు మూసిన గదిలో నున్నచో చెప్పులు కొఱుకుట తప్పు గాదు, నిరుద్యోగము. కుక్కను ప్రేమించు మిత్రునకు ఏమి కానుక ఈయవలెనని శ్రోతలు అడిగిన, బోలు రబ్బరు బొమ్మ యొకటి, వెదకు ఆటకు తగిన పాత దుప్పటి యొకటి ఇండని నేను చెప్పుదును. కుక్కపిల్లనే ముందు చెప్పకుండ కానుకగా తీసికొనిపోవుట మాత్రము వలదు. అది సోపైథీస్ పద్ధతి.

దుప్పటిని వదులుగ చుట్టి మడతలలో రొట్టెముక్కలు దాచవలెను. తొలినాడు కుక్క చూచుచుండగనే, ఒక్క మడతలో పెట్టిన చాలును. కష్టము మెల్లగ పెంచవచ్చును. పది నిమిషములు చాలును. ఆ తిండిని పూట మేతలోనుండియే తీయవలెను. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాకొలేటు కుక్కకు విషప్రాయములు. ఉడికిన ఎముక చీలి గొంతున గ్రుచ్చుకొనును. బొమ్మ నోటిలో పూర్తిగ దూరునంత చిన్నది కాకూడదు. ఆట ముగిసిన వెంటనే దుప్పటిని తీసి దాచిన, మరునాడును అది క్రొత్తదిగనే యుండును.